రత్నపురుష మొలిచిన ఖాళీ ప్లాట్లు



బీరంగూడ కమాన్ దగ్గర ముంబయి రహదారి దిగి, కిష్టారెడ్డిపేట మీదుగా లోపలికి వస్తే మా పటేల్‌గూడ. ఒకప్పుడు చేలు, చెలకలు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, విల్లాలు, వాటి నడుమ హద్దురాళ్లు పాతి వదిలేసిన ఖాళీ ప్లాట్లు. వానలు పడ్డాక ఆ ప్లాట్లలో గడ్డి ఏపుగా లేస్తుంది. ఆ గడ్డి మీద నారింజ రంగు సీతాకోకచిలుక ఒకటి, చెయ్యి చాస్తే అందేంత నింపాదిగా ఎగురుతూ కనిపిస్తుంది. రెక్కల మీద నల్ల చుక్కలు. వెనక రెక్కల అంచున నల్లని పట్టీ, ఆ పట్టీలో తెల్ల చుక్కల వరస. దీన్ని టానీ కాస్టర్ అంటారు. శాస్త్రీయ నామం అక్రేయా టెర్ప్సికోరె. 1758లో లిన్నేయస్ వర్ణించిన జీవుల్లో ఇదీ ఒకటి.

ఈ టానీ కాస్టర్‌కు ఉత్తర అమెరికాలో చుట్టాలున్నాయి. వాటిని ఫ్రిటిలరీలంటారు. అవీ నారింజ రంగువే, వాటికీ నల్ల చుక్కలే. శాస్త్రవేత్తలు ఈ రెండింటినీ ఒకే ఉపకుటుంబంలో చేర్చారు. మా అక్క కూతురు పెన్సిల్వేనియాలో ఉంటుంది. అక్కడి పెరట్లో వాలిన గ్రేట్ స్పాంగిల్డ్ ఫ్రిటిలరీ ఫొటో పంపి, ‘మామయ్యా, ఇది మన ప్లాట్లలో తిరిగేదే కదా?’ అని అడిగింది. అదీ ఇదీ ఒకటి కాదు. అయినా ఆ అడగడంలో తప్పు లేదు. ఆ ప్రశ్న పట్టుకుని నేను ఫ్రిటిలరీలను జనం ఎలా సేకరించారో చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ, మా ఊరి సీతాకోకచిలుకల విషయంలో మనం చేయాల్సిన పని ఏమిటో నాకు స్పష్టమైంది. అదే ఈ పూట మీతో చెప్పాలని.

ముందు అమెరికా సంగతి. అక్కడి పెద్ద ఫ్రిటిలరీలను స్పైయేరియాలంటారు. 1872లో శామ్యూల్ స్కడర్ అనే అమెరికన్ కీటక శాస్త్రవేత్త, అడాల్ఫ్ స్పైయర్ అనే జర్మన్ పరిశోధకుడి పేరు మీద ఆ పేరు పెట్టాడు. ఈ మధ్య కొందరు వాటిని ఆర్గినిస్ అనే పెద్ద ప్రజాతిలో కలిపేస్తున్నారు. చిన్న ఫ్రిటిలరీలు బొలోరియాలు. చల్లని కొండల మీద, ఉత్తరాది మంచు నేలల్లో ఉంటాయి. దక్షిణాన వెచ్చని రాష్ట్రాల్లో గల్ఫ్ ఫ్రిటిలరీ ఉంటుంది. 

సేకరించేవాళ్లను ఎక్కువ ఊరించిందీ, ఎక్కువ ఏడిపించిందీ స్పైయేరియాలే. పైనుంచి చూస్తే చాలా జాతులు ఒకేలా ఉంటాయి. రెక్కలు మూసినప్పుడు వెనక రెక్క అడుగున కనిపించే మచ్చలను బట్టి, ఆ మచ్చల చుట్టూ ఉన్న రంగును బట్టి గుర్తుపట్టాలి. చాలావాటిలో ఆ మచ్చలు వెండిలా మెరుస్తాయి. చిక్కేమిటంటే, ఒకే జాతి ఒక లోయలో వెండి మచ్చలతో ఉంటుంది. పక్క కొండల్లో అదే జాతికి మెరుపు లేని లేత పసుపు మచ్చలుంటాయి. ఒక్కో కొండ మీద పట్టినదానికి ఒక్కో పేరు పెట్టుకుంటూ పోయేసరికి వందకు పైగా పేర్లు పోగుపడ్డాయి. 1947లో సిరిల్ డాస్ పాసోస్, పాల్ గ్రే అనే ఇద్దరు కూర్చుని ఆ పేర్ల రాశిని 13 జాతుల కిందికి తెచ్చారు. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ ఆ కేటలాగును ప్రచురించింది. తర్వాతి వాళ్లు దానికి కొన్ని మార్పులు చేశారు గానీ, పునాది మాత్రం అదే.

వాళ్లా పని ఎలా చేయగలిగారు? వాళ్ల ముందు వరసలున్నాయి. ఒక్కో జాతికి అందమైన నమూనా ఒకటి చాలనుకునేవాళ్లకు ఈ సంగతి అంతుపట్టదు. ఫ్రిటిలరీల పెట్టెలో ఒకే రకం సీతాకోకచిలుకలు వరసగా పేర్చి ఉంటాయి: ఇన్ని మగవి, ఇన్ని ఆడవి, కొన్ని పైభాగం కనిపించేలా, కొన్ని తిరగేసి అడుగు భాగం కనిపించేలా. పక్క వరసలో అదే జాతి, వేరే కొండ నుంచి. ఆ పక్కన ఇంకో లోయ నుంచి. ఇలా పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏది జాతి భేదమో, ఏది ఊరి భేదమో తేలుతుంది. 

పని తీరు కూడా చెబుతాను. వలతో పట్టినదాన్ని విషపు ఆవిరి ఉన్న సీసాలో వేసేవాళ్లు. చనిపోయాక రెక్కలు మూసి, మూడు మూలల కాగితపు పొట్లంలో పెట్టి, పొట్లం మీద ఊరు, తేదీ రాసేవాళ్లు. ఇంటికొచ్చాక తేమ డబ్బాలో ఉంచి కీళ్లు మెత్తబడనిచ్చి, మధ్యలో గాడి ఉన్న చెక్క మీద రెక్కలు పరిచి, కాగితపు పట్టీలతో అదిమి ఆరబెట్టేవాళ్లు. ఆ తర్వాత సూదికి గుచ్చి, అదే సూదికి కింద గోరంత లేబుల్ తగిలించేవాళ్లు. ఎండిన కీటకాలను తినే పురుగులు పెట్టెలో చేరకుండా నాఫ్తలీన్ ఉండలు పెట్టేవాళ్లు. ఇంత శ్రమలోనూ ఏ కాస్త తడబడినా దిద్దుకోవచ్చు. రెక్క చిరిగినా నమూనా పనికొస్తుంది. లేబుల్ లేకపోతే మాత్రం అది ఎందుకూ పనికిరాదు. మా వైపు భూముల భాషలో చెప్పాలంటే, పహాణీలో ఎక్కని భూమి ఎవరిదో ఎలా తేల్చలేమో, లేబుల్ లేని రెక్క ఏ నేల మీదిదో అలాగే తేల్చలేం.

ఈ మాటకు రుజువు విలియం హెన్రీ ఎడ్వర్డ్స్ కథ. ఈయన వెస్ట్ వర్జీనియాలో కోల్‌బర్గ్ అనే ఊళ్లో బొగ్గు గనుల వ్యాపారం చేసుకుంటూ, ఉత్తర అమెరికా సీతాకోకచిలుకల మీద 1868 నుంచి 1897 దాకా మూడు సంపుటాల గ్రంథం వెలువరించాడు. ఆ గ్రంథంలో చాలా బొమ్మలు గీసింది ఫిలడెల్ఫియాకు చెందిన మేరీ పీర్ట్. ఆమె గొంగళి పురుగులను స్వయంగా పెంచి, అవి ఒక్కో కుబుసం విడుస్తున్నప్పుడల్లా చూసి గీసేది. ఆమె పేరు చెప్పకుండా ఎడ్వర్డ్స్ పేరు ఒక్కటే చెప్పడం అన్యాయమని నా అభిప్రాయం. 

ఎడ్వర్డ్స్ తేల్చిన చిక్కుల్లో డయానా ఫ్రిటిలరీ ఒకటి. మగది నలుపు, నారింజ. ఆడది నలుపు, నీలం. నారింజ ఛాయ కూడా ఉండదు. పక్షులు తినని పైప్‌వైన్ స్వాలోటెయిల్ అనే విషపు సీతాకోకచిలుక వేషం కట్టి ఆ ఆడది బతుకుతుంది. మగ డయానా 18వ శతాబ్దంలోనే శాస్త్రానికి తెలుసు. ఆడది మాత్రం 1860ల దాకా ఎవరికీ తెలియదు. ఎడ్వర్డ్స్ కనావా లోయలో ఆ రెండూ ఒకటేనని పోల్చుకున్నాడు. మన దగ్గరా ఇలాంటి జంట ఉంది, కాసేపట్లో చెబుతాను.

అంతటి ఎడ్వర్డ్స్ కూడా తన దగ్గరికొచ్చిన పశ్చిమ రాష్ట్రాల నమూనాలకు చాలాసార్లు కొలరాడో అని మాత్రం రాసి ఊరుకున్నాడు. కొలరాడో మన తెలంగాణకు రెండింతలకు పైబడిన రాష్ట్రం. ఏ కొండ, ఏ లోయ అన్నది తెలియకపోతే, ఊరూరికీ రంగు మార్చే ఫ్రిటిలరీల విషయంలో ఆ లేబుల్ ఏం చెబుతుంది? ఆ నమూనాలను పట్టి పంపినవాళ్లలో థియోడోర్ మీడ్ అనే కుర్రవాడున్నాడు. 1871లో కొలరాడో కొండలన్నీ తిరిగాడు. తర్వాతి కాలంలో ఎడ్వర్డ్స్‌కు అల్లుడయ్యాడు. అదృష్టం ఏమిటంటే అతను ఇంటికి ఉత్తరాలు రాసేవాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 1960లలో, మార్టిన్ బ్రౌన్ అనే ఆయన ఆ ఉత్తరాల్లోని తేదీలు, మకాములు ముందేసుకుని, ఏ సీతాకోకచిలుకను ఏ రోజు ఏ చోట పట్టి ఉంటాడో ఒక్కొక్కటే తేల్చాడు. ఎడ్వర్డ్స్ పేరు పెట్టిన జాతుల మీద ఆయన రాసిన వ్యాసాల వరసలో ఒక భాగం ఫ్రిటిలరీల మీదే. పొట్లం మీద ఆ రోజే ఒక్క ముక్క రాసి ఉంటే తప్పిపోయేదాని కోసం ఒక మనిషి ఏళ్ల తరబడి కష్టపడాల్సి వచ్చింది.

ఎడ్వర్డ్స్ సేకరణ చివరికి డబ్ల్యూ.జె. హాలండ్ అనే ఆయన చేతికి చేరి, ఇప్పుడు పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియంలో ఉంది. పిట్స్‌బర్గ్ అంటే మనవాళ్లకు 1970లలో కట్టిన వేంకటేశ్వరస్వామి గుడి. పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు ఆ గుడికి వెళ్లకుండా తిరిగి రారు. ఈసారి వెళ్లినవాళ్లు ఆ ఊళ్లోనే ఉన్న ఆ మ్యూజియంలోనూ ఒక పూట గడిపి రండి.

పాత పెట్టెల విలువ మరోచోట ఇంకా బాగా తెలుస్తుంది. రీగల్ ఫ్రిటిలరీ అనేది ఒకటుంది. ముందు రెక్కలు నారింజ, వెనక రెక్కలు నీలి నలుపు. ఒకప్పుడు అమెరికా తూర్పు తీరం వెంట గడ్డి మైదానాల్లో చాలాచోట్ల ఉండేది. 1990ల మొదటికల్లా న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాల నుంచి పూర్తిగా పోయింది. ఇవాళ ఆ తూర్పు రకం ఒకే ఒక్కచోట మిగిలింది: పెన్సిల్వేనియాలోని ఫోర్ట్ ఇండియన్‌టౌన్ గ్యాప్ అనే సైనిక శిక్షణ స్థలంలో. ట్యాంకులు తిరగడం వల్ల, అప్పుడప్పుడు నిప్పు అంటుకోవడం వల్ల అక్కడ చెట్లు దట్టంగా కమ్ముకోలేదు. గడ్డి, ఆ గడ్డిలో వయొలెట్ మొక్కలు మిగిలాయి. ఆ వయొలెట్ మొక్క లేకపోతే ఆ ఫ్రిటిలరీ లేదు, ఎందుకంటే దాని గొంగళి పురుగు వేరే ఏదీ తినదు. 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ఈ తూర్పు రకాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాబితాలో చేర్చాలని ప్రతిపాదించింది. అది ఒకప్పుడు ఎక్కడెక్కడ ఉండేదో చెప్పగలుగుతున్నారంటే, అదంతా పాత లేబుళ్ల పుణ్యమే.

స్పైయేరియాల బతుకు గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆడది వేసవి చివర గుడ్లు పెడుతుంది. అప్పటికి వయొలెట్ ఆకులు వాడి నేలలో కలిసిపోతుంటాయి. పిల్ల పురుగు గుడ్డు పెంకు కాస్త కొరికి, ఆకు ముట్టకుండానే రాలిన ఆకుల కింద దూరి, మంచు కాలమంతా పస్తు ఉంటుంది. వసంతంలో వయొలెట్ చిగురు వేశాక మొదటి ముద్ద తింటుంది. ఏడాదికి ఒకే తరం. ఆ ఆకుల చెత్తను ఎవరైనా శుభ్రంగా ఊడ్చేస్తే, వచ్చే ఏటి సీతాకోకచిలుకలు కూడా ఆ చెత్తతోపాటే పోతాయి.

ఇక మన దగ్గరికి వద్దాం. అసలు సిసలు ఫ్రిటిలరీ మన దేశంలో లేకపోలేదు. ఇండియన్ ఫ్రిటిలరీ హిమాలయాల్లో ఉంటుంది, దక్షిణాన నీలగిరుల వంటి ఎత్తైన కొండల మీద ఉంటుంది. దాని పురుగూ వయొలెట్‌నే తింటుంది. మన మెట్ట నేలల మీద అది బతకదు. ఇక్కడ ఆ ఉపకుటుంబం తరఫున టానీ కాస్టర్ ఉంది, కామన్ లెపర్డ్ ఉంది. 

టానీ కాస్టర్ తినే మొక్క పేరు వింటే ఆశ్చర్యపోతారు. అది రత్నపురుష. జానెడు ఎత్తున, గడ్డిలో కలిసిపోయి ఉండే మొక్క. గులాబీ ఊదా కలిసిన చిన్న పువ్వు. రేకుల్లో ఒక్కటి మాత్రం బాగా పెద్దది, మిగతావి కంటికి ఆనవు. నాటు వైద్యం తెలిసినవాళ్లకు ఈ మొక్క బాగా తెలుసు. వృక్షశాస్త్రం ప్రకారం ఇది వయొలెట్ల కుటుంబానిదే. పెన్సిల్వేనియా గడ్డిలో ఫ్రిటిలరీ ఏ కుటుంబపు ఆకు తిని పెరుగుతుందో, పటేల్‌గూడ ప్లాట్లలో దాని చుట్టం కూడా అదే కుటుంబపు ఆకు తిని పెరుగుతోంది. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి నేను ఆ మొక్కను తొక్కకుండా నడుస్తున్నాను.

టానీ కాస్టర్‌కు ఇంకో ఆహారం కూడా ఉంది. ప్లాట్ల కంచె తీగల మీద అల్లుకునే అడవి పాషన్ ఫ్రూట్ తీగ. ఆకు నలిపితే ఘాటు వాసన. పండు చుట్టూ పచ్చని నూలు పోగుల తొడుగు. ఈ తీగ అమెరికా ఖండం నుంచి వచ్చి మన దగ్గర కలుపై పాతుకుపోయింది. అక్కడ గల్ఫ్ ఫ్రిటిలరీ ఈ ప్రజాతి తీగల మీదే పెరుగుతుంది. ఇక్కడికొచ్చాక టానీ కాస్టర్ దాన్ని తనదిగా చేసుకుంది. ఈ ఆకుల్లోని విషపు పదార్థాలు దానికి హాని చేయకపోగా, పక్షులు దాని జోలికి రావు. అందుకే అంత నెమ్మదిగా ఎగురుతుంది. పట్టుకుంటే చచ్చినట్టు పడి ఉంటుంది, ఒంట్లోంచి పసుపు ద్రవం కారుస్తుంది. ఫొటో తీయడం నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే ఓపికైన సీతాకోకచిలుక దొరకదు.

గుడ్లు ఆకుల మీద గుంపుగా పెడుతుంది. పురుగులు గుంపుగానే తింటాయి. ఇటుక ఎరుపు ఒళ్లు, దాని మీద కొమ్మలు కొమ్మలుగా చీలిన ముళ్లు. చూస్తే భయమేస్తుంది గానీ కుట్టవు. ప్యూపాలు తెల్లగా, నల్ల గీతలతో, నారింజ చుక్కలతో కాంపౌండ్ గోడలకు వేలాడుతుంటాయి. సున్నం వేసే ముందు ఒకసారి గోడ చూసుకోమని మా వీధిలో నేను అందరికీ చెబుతుంటాను.

ఈ టానీ కాస్టర్ ఎంత దూరం పోయిందో తెలుసా? ఒకప్పుడు అది భారత్, శ్రీలంకలదే. 1980లలో థాయిలాండ్‌లో, 1990లలో మలేసియాలో, 2006లో సింగపూర్‌లో, 2012లో ఆస్ట్రేలియాలోని డార్విన్ దగ్గర కనిపించింది. ఏళ్లతో సహా ఈ ప్రయాణం తెలియడానికి కారణం, దాన్ని చూసినవాళ్లు ఎక్కడ ఎప్పుడు చూశారో రాసి పెట్టడమే. దాని సొంత ఊళ్లో, అంటే మన దగ్గర, ఆ పని జరగాల్సినంత జరగడం లేదన్నదే నా బాధ. విశాఖపట్నం చుట్టుపక్కల ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎన్నో జాతుల జీవనచక్రాలను, అవి వాలే పూలను గమనించి రాశారు. అలాంటి శ్రద్ధ పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం చుట్టూ ఉన్న ఈ ఫ్యాక్టరీల నేలకూ కావాలి. నక్కవాగు నీళ్లు ఏ రంగులో పారాయో మన తరానికి తెలుసు. అదే కాలంలో ఆ వాగు గట్టున ఏ సీతాకోకచిలుకలు పోయాయో, ఏవి నిలిచాయో ఇవాళ ఎవరినడిగి తెలుసుకోవాలి?

కామన్ లెపర్డ్ సంగతి వేరు. అదీ నారింజ మీద నల్ల చుక్కలదే గానీ, ఒక్క చోట నిలవదు. రెక్కలు ఆడిస్తూనే ఉంటుంది. మగది ఒక కొమ్మ చివర స్థావరం ఏర్పరచుకుని, వచ్చిన ప్రతి సీతాకోకచిలుకనూ తరిమి మళ్లీ అదే కొమ్మకు వస్తుంది. ఆ అలవాటు తెలిస్తే ఫొటో తీయడం తేలిక: వెంటపడకుండా, కొమ్మ దగ్గర ఆగితే చాలు. దాని పురుగు కానరేగు చెట్టు లేత ఆకులు తింటుంది. పాత చెలకల గట్ల మీద ఉండే కానరేగు చెట్లు లేఅవుట్లు వేసేటప్పుడు ముందు పోతాయి. చెట్టు పోయిన చోట లెపర్డ్ అరుదవుతుంది.

ఇందాక డయానా దగ్గర ఒక మాట బాకీ పడ్డాను. మన దనాయిడ్ ఎగ్‌ఫ్లై కూడా అలాంటిదే. మగది నల్లన, రెక్కల మీద నీలి మెరుపు అంచున్న తెల్లని పెద్ద మచ్చలు. ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్ లాగే ఉంటుంది. ప్లెయిన్ టైగర్ జిల్లేడు తిని విషాన్ని ఒంటబట్టించుకున్న సీతాకోకచిలుక. ఈ ఎగ్‌ఫ్లైకి విషం లేదు, వేషమే రక్ష. దీని పురుగు తినేది మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర. పెరట్లో నాలుగు మొక్కలు కోయకుండా వదిలేస్తే ఎడ్వర్డ్స్ కనావా లోయలో చూసిన వింతను మీ ఇంట్లోనే చూడొచ్చు.

ఇప్పుడు సేకరణ మాట. నేను వల పట్టను, సూది గుచ్చను. పట్టకూడదు కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లో చాలా సీతాకోకచిలుకలున్నాయి, దనాయిడ్ ఎగ్‌ఫ్లై పేరు అందులో ఎక్కినదే. అలాంటివాటిని అనుమతి లేకుండా పట్టినా, చంపినా, ఇంట్లో పెట్టుకున్నా నేరం. ఎగిరేటప్పుడు ఏది జాబితాలోదో ఏది కాదో చెప్పడం ఎంత కష్టమో ఇప్పుడే విన్నారు కదా. 2008లో డార్జిలింగ్ దగ్గర సింగలీలా జాతీయ పార్కులో అనుమతి లేకుండా కీటకాలు పట్టినందుకు చెక్ దేశస్థులు ఇద్దరు అరెస్టయ్యారు. అమెరికాలోనూ 1978లో కొలరాడో కొండల మీద కనుగొన్న అన్‌కంపాగ్రె ఫ్రిటిలరీని, 1991లో అంతరించే ప్రమాదంలో ఉన్న జాబితాలో చేర్చారు. దానికి పొంచి ఉన్న ముప్పుల్లో సేకరించేవాళ్ల వలలు కూడా ఉన్నాయి. పరిశోధనశాలలకు నమూనాలు కావాలి, వాళ్లు అనుమతితో తీసుకుంటారు. మనకు కెమెరా చాలు.

కెమెరాతో తీసినా సేకరణ నియమాలు మారవు. అందమైన ఫొటో ఒక్కటి తీసి ఊరుకుంటే అది పెట్టెలో అలంకారమే. ఒకే జాతిని ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో తీయండి. మగదాన్ని, ఆడదాన్ని తీయండి. రెక్క పైభాగం, అడుగు భాగం రెండూ తీయండి. వానలు లేని కాలపు లెపర్డ్‌కూ వానాకాలపు లెపర్డ్‌కూ అడుగు రంగులో తేడా అప్పుడే కనిపిస్తుంది. చిరిగిన రెక్కలదాన్ని వదిలేయకండి. ఆ చిరుగు దాని వయసు చెబుతుంది. అది ఏ ఆకు మీద గుడ్డు పెట్టిందో ఆ మొక్కను విడిగా ఒక ఫొటో తీయండి. ఆ రోజు వెతికినా కనిపించకపోతే, కనిపించలేదని రాసుకోండి. అది కూడా సేకరణలో భాగమే.

లేబుల్ మీద ఊరి పేరు రాస్తే సరిపోతుందా అంటే, మా ఊరి సంగతే చూడండి. పాత కాగితాల్లో పటేల్‌గూడ మెదక్ జిల్లా, పటాన్‌చెరు మండలం, ఆంధ్రప్రదేశ్. 2014 జూన్‌లో రాష్ట్రం మారింది. 2016 అక్టోబరులో జిల్లా సంగారెడ్డి అయింది. మండలం అమీన్‌పూర్ అయింది. ఊరు మాత్రం కదల్లేదు. అందుకని ఊరు, మండలం, జిల్లాతోపాటు ఫోన్ చూపించే అక్షాంశ రేఖాంశాలు కూడా రాయాలి. ఆ కాలనీ పేరు, పక్కన ఏ చెరువుందో, ఏ గుట్ట ఉందో కూడా రాస్తే ఇంకా మంచిది. మీడ్ ఉత్తరాల్లో అలాంటి వివరాలే కదా బ్రౌన్‌కు అక్కరకొచ్చాయి.

పెన్సిల్వేనియా సైనిక స్థలం గురించి చదివినప్పుడు నాకు మా చుట్టూ ఉన్న కంచెలు గుర్తొచ్చాయి. పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్ ఉంది. ఎర్ర నేల, నల్ల రేగడి రెండూ ఉన్న విశాలమైన ఆవరణ, పక్షులకు పేరుబడ్డ చోటు. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్ ఉంది. ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది. కందిలో ఐఐటీ ఉంది. ఈ కంచెల లోపల ఇళ్ల స్థలాల అమ్మకాలు ఉండవు. అక్కడ పనిచేసేవాళ్లు, వాళ్ల పిల్లలు తమ ఆవరణ నియమాలకు లోబడి ఉదయపు నడకలో చూసినవి చూసినట్టు నమోదు చేస్తే, బయట ప్లాట్లలో మేం రాసుకున్నదాని పక్కన పెట్టి చూడొచ్చు. కంచె లోపలి వరస ఒకటి, బయటి వరస ఒకటి. డాస్ పాసోస్, గ్రే తమ పెట్టెల్లో పక్కపక్కన పేర్చి చూసుకున్నది అలాంటి వరసలనే. కంచె లేని చోటు కూడా ఒకటుంది: మా అమీన్‌పూర్ పెద్ద చెరువు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరపు పొలిమేరల్లోని చెరువుకు ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి. జనం అక్కడికి పక్షుల కోసం వెళ్తారు. గట్టు మీద గడ్డిచామంతి పూల వైపు కూడా ఒకసారి చూడమని నా మనవి.

ఖాళీ ప్లాటు యజమానులకు, కాలనీ సంఘాలకు ఒక మాట. పాముల భయంతో వానాకాలం మధ్యలో కలుపు మందు కొట్టిస్తారు, జేసీబీ పెట్టి చదును చేయిస్తారు. భయం అర్థం చేసుకోదగ్గదే. ఇళ్లను ఆనుకుని, నడిచే దారి వెంట గడ్డి కోయించండి. ప్లాటు నడుమ మాత్రం దీపావళి దాకా వదిలేయండి. అప్పటికి రత్నపురుష విత్తనం రాలుతుంది, కాస్టర్ తరాలు కొన్ని గడుస్తాయి. కోయించినా కొడవలితో కోయించండి, మందు కొట్టించకండి. కంచె మీది పాషన్ ఫ్రూట్ తీగ వల్ల ఎవరికీ ఇబ్బంది లేని చోట దాన్ని పీకకండి. బతుకమ్మ కోసం తంగేడు పూలు కోసేటప్పుడు ఆకుల అడుగున చూస్తే ఎమిగ్రెంట్ అనే సీతాకోకచిలుకల పురుగులు ఆకుపచ్చగా కనిపిస్తాయి; ఆ కొమ్మను వదిలి పక్క కొమ్మ కోసుకోవచ్చు.

బడిలో సైన్సు చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు సెప్టెంబరు మంచి అదను. 2020 నుంచి దేశమంతటా ఔత్సాహికులు ఆ నెలను సీతాకోకచిలుకల నెలగా జరుపుతూ, చూసినవాటిని లెక్క రాస్తున్నారు. ఆ లెక్కల్లో మన సంగారెడ్డి జిల్లా పిల్లల పేర్లు కూడా ఉండాలి. పిల్లలకు ఒక్కొక్కరికీ ఒక్కో మొక్కను అప్పగించండి: ఒకరికి జిల్లేడు, ఒకరికి కరివేపాకు, ఒకరికి రేగు, ఒకరికి గంగవాయిలి, ఒకరికి రత్నపురుష. సీతాకోకచిలుక వెంట పరిగెత్తే పిల్లవాడు అలసిపోతాడు. మొక్క దగ్గర కూర్చున్న పిల్లవాడికి గుడ్డు నుంచి రెక్క దాకా అంతా కనిపిస్తుంది. జాతి పేరు తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయమనండి, తర్వాత తెలిసినవాళ్లు చెబుతారు. చోటు, తేదీ మాత్రం చూసిన రోజే రాయించండి. ఫోన్‌తో ఫొటోలు తీసేవాళ్లు ఇవాళే కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆన్ చేసి ఉందో లేదో చూసుకోండి. ఫొటోలను వాట్సాప్‌లో పంపితే ఆ వివరాలు చెరిగిపోతాయి కాబట్టి, అసలు ఫొటోను విడిగా దాచుకోండి.